"తిన్నవా?" అంటే "తిన్ననన్నా" అనేవాడు

ఇంటి నుంచి ఫోనొస్తే మొదటి మాట "తిన్నరా?". రెండో మాట "ఏం కూర?". గల్ఫ్‌లో ఉన్న మనలో ఈ రెండింటికీ ఎన్నడూ అబద్ధం చెప్పనివాళ్లు ఉంటారని మేమైతే అనుకోం. తెల్లవారుజామున టిఫిన్‌లో కట్టుకెళ్లిన అన్నం మధ్యాహ్నానికి పులిసిపోతే పారబోసి, ఖుబ్బూస్ ముక్క చాయ్‌లో ముంచుకుని తిన్న రోజున కూడా "చికెన్ వండుకున్నం" అనే చెప్తాం. ఇంటి దగ్గరవాళ్లు రంధి పడొద్దని చెప్పే మాట అది.

మా గదిలో ఒక తమ్ముడుండేవాడు. అతను ఆ అబద్ధం ఇంటికే కాదు, పక్క మంచం మీద పడుకునే మాకూ చెప్పేవాడు. అది కనిపెట్టడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ తమ్ముడి అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాం. పేరు, ఊరు, కంపెనీ రాయం.

వయసు 24. షట్టరింగ్ పని. అప్పుచేసి ఏజెంటుకు కట్టి వచ్చాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. వచ్చిన రెండో నెలలోనే మెస్ నుంచి పేరు తీసేయించుకున్నాడు. "సైటు దగ్గర్నే తింటున్ననన్నా, రెండుసార్లు పైసలెందుకు?" అన్నాడు. నిజమే అనుకున్నాం. మెస్ పైసలు మిగిలితే నెలకు ఇంకో నాలుగైదు వేలు ఇంటికి పోతాయి. అప్పున్నవాడు అట్ల లెక్క చూసుకోవడం మాకు వింతగా తోచలేదు. మాలో సగం మంది కొత్తలో ఆ లెక్క చూసుకున్నవాళ్లమే.

ఊళ్లో ఉన్నప్పుడు కొంచెం బొద్దుగా ఉండేవాడట. బళ్లో బొండం అని పిలిచేవాళ్లట. నాలుగు నెలల్లో సన్నబడ్డాడు. మేమేం చేశాం? మెచ్చుకున్నాం. "హీరో లెక్క అయినవురా" అని వీపు తట్టాం. ఫోటో తీసి ఇంటికి పంపమన్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గనిపిస్తుంది.

తర్వాత వంటగదిలో సామాను మాయం కావడం మొదలైంది. తెల్లారి టిఫిన్లకని రాత్రే వండిపెట్టిన అన్నం గిన్నె ఖాళీ. ఖుబ్బూస్ ప్యాకెట్లు, బిస్కెట్లు, చక్కెర డబ్బా ఖాళీ. ఒకరి మీద ఒకరం అనుమానపడ్డాం. పక్క గదివాళ్లతో కొట్లాట దాకా పోయింది. ఒక రాత్రి బాత్రూంలోంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. మర్నాడూ అంతే. ఒకాయన కడుపులో పుండు అన్నాడు, ఒకాయన చాటుగా తాగుతున్నాడన్నాడు. గాలి సోకిందన్నవాళ్లూ ఉన్నారు. ఎవరు అడిగినా "ఏం లేదన్నా, తిన్నది పడలే" అనేవాడు.

ఆ ఎండాకాలం సైటులో పడిపోయాడు. వడదెబ్బ అనుకునే ఆసుపత్రికి తీసుకుపోయారు. రక్తపరీక్షలో పొటాషియం బాగా తగ్గి ఉందని తేలింది. గుండె కొట్టుకోవడంలో తేడా ఉందన్నారు. అక్కడ పనిచేసే ఒక మలయాళీ నర్సమ్మ, మేమెవ్వరం అడగని ప్రశ్న అడిగింది. "తిన్నాక నువ్వే కావాలని వాంతి చేసుకుంటున్నావా?" అంది. పిల్లగాడు బోరుమన్నాడు.

ఈ జబ్బుకు పేరుంది

బులీమియా. పట్టపగ్గాల్లేకుండా తినడం, తిన్నది ఒంటికి పట్టకుండా ఎట్లాగైనా బయటికి పంపాలనుకోవడం, మళ్లీ పస్తుండటం, మళ్లీ తినడం దీని తీరు. లండన్ డాక్టరు జెరాల్డ్ రస్సెల్ 1979లో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించాడు. బ్రిటన్ యువరాణి డయానా తనకు ఇది ఉండేదని 1995లో బీబీసీ ఇంటర్వ్యూలో స్వయంగా చెప్పింది. ప్రపంచమంతా చూస్తున్న మనిషి కూడా ఏళ్ల తరబడి దాచగలిగింది. తొమ్మిది మంది ఉన్న గదిలో మా తమ్ముడు దాచాడంటే ఆశ్చర్యం లేదు.

దీని అక్కచెల్లెళ్లు ఇంకా ఉన్నాయి. ఒళ్లు చిక్కి శల్యమవుతున్నా ఇంకా తగ్గాలనుకుంటూ తిండి మానేయడం అనొరెక్సియా. ఈ పేరు 1870ల నాటిది. మానసిక జబ్బుల్లో ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో ఇదొకటి. వాంతులూ ఉపవాసాలూ లేకుండా, కొద్దిసేపట్లోనే మితిమీరి తినేసి, తర్వాత సిగ్గుతో కుమిలిపోయేది బింజ్ ఈటింగ్. దీన్ని అమెరికా మానసిక వైద్యులు తమ జబ్బుల పట్టికలో పూర్తిస్థాయి జబ్బుగా చేర్చింది 2013లోనే.

ఇవన్నీ డబ్బున్న ఇళ్ల ఆడపిల్లలకు, సినిమావాళ్లకు వచ్చే జబ్బులని మేమూ అనుకునేవాళ్లం. డాక్టర్లలోనూ చాలాకాలం అట్లా అనుకున్నవాళ్లున్నారు. ఆడవాళ్లలో ఎక్కువ అన్నది నిజమే. కానీ మగవాళ్లకూ వస్తాయి. వాళ్లు చెప్పుకోరు, ఎదుటివాళ్లకు ఆ అనుమానమే రాదు, అందుకని ఆలస్యంగా బయటపడతాయి.

ఇంకో చిక్కుంది. పుస్తకాల్లో రాసినట్టు "నేను లావైపోతానని భయంగా ఉంది" అని మన ఆసియావాళ్లు చాలామంది అనరు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే డాక్టరు 1990లలో అనొరెక్సియా రోగులను పరిశీలిస్తే, వాళ్లలో చాలామందికి లావు భయమే కనిపించలేదు. కడుపు ఉబ్బరమనీ, ఆకలి లేదనీ, తింటే పడటం లేదనీ చెప్పారు. "తిన్నది పడలేదన్నా" అన్న మా తమ్ముడి మాట అప్పుడు మాకు గుర్తొచ్చింది.

ఆకలి మనిషిని ఏం చేస్తుంది

మా తమ్ముడికి మొదట్లో సన్నబడాలనే కోరికే లేదు. పైసలు మిగిలించాలనుకున్నాడు, అంతే. అట్లాంటివాడికి ఈ జబ్బెందుకు పట్టుకుంది? డాక్టర్లను అడిగితే ఒక పాత ప్రయోగం గురించి చెప్పారు. గల్ఫ్‌లో పస్తుండి పైసలు పంపే ప్రతివాళ్లూ దీన్ని తెలుసుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944 నవంబర్‌లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను చేర్చుకున్నాడు. అంతా యుద్ధంలో ఆయుధం పట్టమని చెప్పి, ఈ సేవకు స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. ఒంట్లోనూ మనసులోనూ గట్టివాళ్లని పరీక్షించే తీసుకున్నారు. యూరప్‌లో ఆకలితో మాడుతున్న జనాన్ని మళ్లీ ఎట్లా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం ఉద్దేశం. 24 వారాలపాటు వాళ్లకు మామూలు తిండిలో దాదాపు సగమే పెట్టారు. బంగాళాదుంపలు, దుంపకూరలు, రొట్టె, మాకరోనీ. వారానికి 22 మైళ్లు నడవాలి. ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది.

బరువు పోవడం అనుకున్నదే. మనసులో వచ్చిన మార్పే ఎవరూ ఊహించలేదు. వాళ్లకు తిండి తప్ప వేరే ఆలోచన లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివేవాళ్లు. గిన్నెలు నాకేవాళ్లు. ఇంత అన్నాన్ని గంటల తరబడి కెలుకుతూ తినేవాళ్లు. కడుపు నింపుకోవడానికి కాఫీలు, చూయింగ్ గమ్ములు హద్దు లేకుండా. చీటికి మాటికి కోపం, దిగులు. స్నేహితులు వద్దు, ఆడపిల్లల ధ్యాస వద్దు. ప్రయోగం మధ్యలోనే కొందరు ఆగలేక దొంగతనంగా తిని కుమిలిపోయారు. తిండి మళ్లీ మామూలుగా దొరికాక కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి తీరలేదు. కడుపు పట్టనంత తిని కక్కుకున్నవాళ్లూ ఉన్నారు. కీస్ బృందం 1950లో ఇదంతా రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేసింది.

చదువుతుంటే మా క్యాంపే కళ్లముందు తిరిగింది. పూటకు ఆరు చాయ్‌లతో గడిపేవాళ్లు, అర్ధరాత్రి ఫోన్‌లో వంటల వీడియోలు చూస్తూ పడుకునేవాళ్లు, కూరలో ముక్క తక్కువ పడిందని కత్తులు దూసుకునేవాళ్లు మనకు తెలియనివాళ్లేం కాదు. పస్తు ఎందుకున్నావని ఒళ్లు అడగదు. సన్నబడాలని మాడ్చినా, అప్పు తీర్చాలని మాడ్చినా దానికి తెలిసేది కరువొచ్చిందనే. అవకాశం దొరకగానే ఎగబడి తినమంటుంది. తిన్నాక సిగ్గు. సిగ్గుతో మళ్లీ పస్తు. ఈ తిరగలిలో అందరూ పడరు. కొందరు పడితే బయటికి రాలేరు. ఒళ్లు తగ్గించుకోవాలని తిండి కట్టడి చేసుకోవడమే ఈ జబ్బులకు ఒక ముఖ్యమైన దారి అని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

మా తమ్ముడి విషయంలో పైసల కోసం మొదలైన పస్తుకు మేమే ఇంకొకటి తోడుచేశాం. "హీరో" అన్నాం. తగ్గిన బరువు మళ్లీ పెరిగితే మళ్లీ బొండం అంటారేమోనన్న భయం అప్పుడే పట్టుకుందని అతనే తర్వాత చెప్పాడు.

అందరికీ ఎందుకు రాదు

మెస్ మానేసిన మిగతావాళ్లకు రాలేదు కదా అని మేమడిగాం. ఒక్క కారణంతో వచ్చే జబ్బు కాదిది. కొంత పుట్టుకతో వస్తుంది. కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం అనొరెక్సియా వచ్చే అవకాశంలో దాదాపు సగం, అంతకన్నా ఎక్కువ కూడా, వంశపారంపర్యమే. 2019లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం దాదాపు 17 వేల మంది రోగుల జన్యువులను చూసి, ఈ జబ్బుతో సంబంధమున్న ఎనిమిది చోట్లను గుర్తించింది. వాటిలో కొన్నింటికి మనసుతోనే గాక ఒంట్లో తిండి అరిగి శక్తిగా మారే తీరుతోనూ సంబంధముందని తేలింది. కనుక ఇది పొగరనీ, మొండితనమనీ తిట్టడం అన్యాయం.

స్వభావమూ ఒక కారణమే. ప్రతిదీ నిక్కచ్చిగా ఉండాలనుకునేవాళ్లు, చిన్న తప్పుకే తమను తాము తిట్టుకునేవాళ్లు, ఊరికే ఆందోళనపడేవాళ్లు ఎక్కువగా చిక్కుతారు. మా తమ్ముడు పైసా పైసా నోటుబుక్కులో రాసుకునేవాడు. తర్వాత అదే పుస్తకంలో తిన్న ఖుబ్బూస్‌లు కూడా లెక్క రాయడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు దెబ్బలు, అత్యాచారం, అవమానం అనుభవించినవాళ్లలో ఇంకా ఎక్కువ. టైప్ 1 షుగరున్న పిల్లలు కొందరు బరువు తగ్గాలని ఇన్సులిన్ ఎగ్గొడతారు, అది మరీ ప్రమాదం. క్యాంపు చుట్టుపక్కల జిమ్‌లలో కండలు చాల్లేదని అద్దం ముందు నుంచి కదలని కుర్రాళ్లది కూడా దీనికి దగ్గరి బాధే. ఏ డబ్బాలో ఏముందో తెలియని పొడులు మింగేది వాళ్లే.

కువైట్‌లో ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అక్కలు చెప్పే మాట ఒకటి ఇక్కడ రాయాలి. తిండికి లెక్క కట్టి పెట్టడం, అందరూ తిన్నాక మిగిలింది తినమనడం, ఫ్రిజ్‌కు తాళం వేయడం. అది జబ్బు కాదు, దౌర్జన్యం. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివాళ్లకు తిండి పెట్టడం యజమాని బాధ్యత. కానీ అట్లా ఏళ్లు గడిపి ఊరికి వచ్చాక కూడా రొట్టెముక్క దిండు కింద దాచుకునేవాళ్లను, నలుగురి ముందు తినలేనివాళ్లను చూసి ఇంట్లోవాళ్లు నవ్వకూడదు. పడిన బాధ ఒంటిని వదలడానికి టైమ్ పడుతుంది.

క్యాంపు రోజు తీరు కూడా సాయపడదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. మంచి నియమమే. అయితే ఆ కాలంలో చాలా సైట్లలో పని చీకటితోనే మొదలవుతుంది. మూడు గంటలకు లేచినవాడికి ఏం సయిస్తుంది? రాత్రి బస్సు దిగి, స్టవ్ కోసం వరసలో నిలబడి, పదింటికి రోజంతటి తిండి ఒక్కసారే తింటాం. ఒంటరితనం, దిగులు ఆకలిని కొందరిలో చంపేస్తాయి, కొందరిలో రెట్టింపు చేస్తాయి. ఆలస్యంగా తిన్న ప్రతివాళ్లకూ జబ్బున్నట్టు కాదు. చాటుగా తినడం, తిన్నందుకు అసహ్యించుకోవడం మొదలైతే ఆలోచించాలి.

ఊళ్లో ఉన్న మన ఆడపిల్లల సంగతి

ఫిజీ ఒకప్పుడు మన తెలుగువాళ్లు కూడా చెరకు తోటల కూలికి వెళ్లిన దేశం. అక్కడి మూలవాసుల్లో ఒళ్లు నిండుగా ఉండటమే అందం, ఆరోగ్యం. నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అమెరికా పరిశోధకురాలు ఆన్ బెకర్ అప్పుడే అక్కడి మూలవాసుల ఆడపిల్లలను అడిగితే, బరువు కోసం వాంతి చేసుకుంటానన్నవాళ్లు ఒక్కరూ లేరు. మూడేళ్ల తర్వాత, 1998లో, మళ్లీ అడిగితే 11.3 శాతం మంది అవునన్నారు. అది టీవీ కాలం. ఇప్పుడు మనం పంపిన పైసలతో కొన్న ఫోను మన బిడ్డ చేతిలోనే ఉంది.

మనం చూసేదీ వీడియో కాల్‌లోనే. ఏడాదికో రెండేళ్లకో ఇంటికి పోయే తండ్రి, అద్దమంత తెరలో బిడ్డ మొహం చూసి ముద్దుగా అనే మొదటి మాట "లావైనవ్ బిడ్డా". పెండ్లీడు అమ్మాయైతే "జర తగ్గాలె, సంబంధాలు చూస్తున్నం" అని ఇంకో మాట. ఇంట్లోవాళ్లు ఒంటి మీద చేసే వెక్కిరింపులకూ ఈ జబ్బులకూ సంబంధముందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. మేమూ ఆడపిల్లల తండ్రులమే, మేమూ ఆ మాట అన్నవాళ్లమే. ఫోనులో వేరే ఏం అడగాలో తెలియక అంటాం. ఏం చదువుతున్నవు, ఎవరితో ఆడుకున్నవు అని అడగడం నేర్చుకుంటున్నాం.

బిడ్డ ఒక్కసారిగా కలిసి తినడం మానేసినా, తిన్న వెంటనే బాత్రూంకు పోతున్నా, నెలసరి ఆగిపోయినా, చలికాలం కాకున్నా వణుకుతున్నా తల్లికి చెప్పి డాక్టరుకు చూపించమనండి. మన దేశంలో 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు.

పక్క మంచం మీదివాడి కోసం

బరువు తగ్గిన ప్రతివాళ్లకూ ఇది ఉన్నట్టు కాదు. టీబీ, షుగరు, థైరాయిడ్, కడుపులో పుండు ముందు చూడాల్సినవి. అందుకే మొదట మామూలు డాక్టరు దగ్గరికే పోండి. మెంటల్ అని రాస్తారేమో, పంపించేస్తారేమో అన్న భయంతో చాలామంది అసలు పోరు. వాంతుల సంగతి మాత్రం డాక్టరు దగ్గర దాచొద్దు. ఎండలో చెమటకు ఎలాగూ నీళ్లు, ఉప్పు పోతుంటాయి. దాని మీద వాంతులు కూడా తోడైతే పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదముంది. గుండెదడ, కాళ్లు పట్టేయడం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆలస్యం చేయకూడదు.

రోజుల తరబడి పస్తున్న మనిషికి ఒక్కసారే పళ్లెం నింపి తినిపించడమూ ప్రమాదమే. రెండో ప్రపంచ యుద్ధంలో చెర నుంచి విడుదలైనవాళ్లలో కొందరు అట్లా తిన్నాకనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. డాక్టరు చెప్పిన కొలతతో నెమ్మదిగా పెంచాలి. బులీమియాకు, బింజ్ ఈటింగ్‌కు కూర్చోబెట్టి మాట్లాడి ఆలోచనల తీరు మార్చే చికిత్స బాగా పనిచేస్తుంది. వేళకు కొంచెం కొంచెం తినడం దానిలో మొదటి మెట్టు. దుబాయిలో దారి తెలియకపోతే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేయొచ్చు. నంబరు 80046342.

మేం చేసింది చాలా చిన్నది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మెస్‌లో అతని పేరు మళ్లీ రాశాం. ఆర్నెల్ల దాకా వాటా అడగమన్నాం. తొమ్మిది మందిలో పంచితే ఒక్కొక్కరికి పడింది ఎంతో లేదు. అన్నం గిన్నె మాయమైన రోజుల గురించి ఎత్తకూడదని ఒప్పందం చేసుకున్నాం. ఒకాయన నోరు జారాడు, తిట్లు తిన్నాడు. తిండి తిన్నాక ఒక అరగంట ఎవరో ఒకరం అతనితో కూర్చుని పేకాట ఆడేవాళ్లం. అది ఆ నర్సమ్మ చెప్పిన ఉపాయం. రెండుసార్లు మళ్లీ జారాడు. రెండుసార్లూ తానే వచ్చి చెప్పాడు.

ఇప్పుడు అతను ఇంకో క్యాంపులో ఉన్నాడు. అప్పు ఇంకా కొంత ఉంది. మొన్న ఆదివారం మా గదికొచ్చాడు. చేపల పులుసు వండాం. సగం తిని, పళ్లెంలో ఇంత వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఇదివరకైతే "మొత్తం తినరా" అని మీద పడేవాళ్లం. ఎవరం ఏమీ అనలేదు. పేకముక్కలు తీసి పంచాం.